కుడిచెయ్యెత్తి చెప్పండి, మీరు మీరేనా?

మనిషి ఆత్మకథ రాసుకోవాలంటే ఒకప్పుడు ఏదో ఒక ఘనకార్యం చేసి ఉండాల్సి వచ్చేది. ఇప్పుడా ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం వచ్చిన చెల్లెలు అన్నగారిని అక్కడే స్థిరపడేలా రప్పించుకుంటానని ఒక పిటిషన్ వేస్తే చాలు. ఏ ఘనతా లేని అన్నగారు కూడా డీఎస్-260 అనే ఇమిగ్రెంట్ వీసా దరఖాస్తు ఫారం ముందు కూర్చుని, పదహారో ఏటి నుంచి తానున్న ప్రతి ఇంటి చిరునామా, ఎప్పట్నుంచి ఎప్పటిదాకా ఉన్నదీ తవ్వి తీసి నింపాల్సిందే. అంత ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆత్మకథ రాసినవాణ్ణి నేనింతవరకూ చూళ్లేదు.

భద్రతా ప్రశ్నల దగ్గర కథ పాకాన పడుతుంది. గూఢచర్యం చేయడానికి వస్తున్నారా? మారణహోమంలో పాల్గొన్నారా? బాలసైనికుల్ని చేర్చుకున్నారా? అక్కడికొచ్చి ఒకరికన్నా ఎక్కువమంది భార్యలతో కాపురం పెట్టే ఉద్దేశం ఉందా? అన్నిటికీ 'కాదు, కాదు' అని నొక్కుకుంటూ పోతున్న అన్నగారికి ఓ చోట చెయ్యాగిపోతుంది. పన్నులు ఎగ్గొట్టడానికి అమెరికా పౌరసత్వం వదులుకున్నారా? పెళ్లి చూపులకొచ్చినవాణ్ణి విడాకులెందుకిచ్చావని అడిగినట్టుంటుంది. ఈ ప్రశ్నల్ని వెక్కిరించేవాళ్లున్నారు. నేను మాత్రం వాళ్లలో లేను. నిజం చెప్పే గూఢచారి ఎవడైనా ఉంటే, పాపం, వాడికీ ఒక గడి ఉండాలి కదా.

అసలు ఈ వీసాలో ఉన్న తర్కాన్ని మెచ్చుకోవాలి. టూరిస్టు వీసాకి వెళ్లినవాణ్ణి 'వీడు స్థిరపడిపోవడానికే వస్తున్నాడు' అనుకోవాలని అమెరికా చట్టంలో 214(బి) సెక్షన్ చెబుతుంది. కాదు బాబోయ్, తిరిగొచ్చేస్తానని మొత్తుకోవాల్సింది మనమే. పోనీ అని ఉన్నమాట ఒప్పేసుకుని, 'అవునండీ, స్థిరపడటానికే' అంటూ ఇమిగ్రెంట్ వీసా కిటికీ ముందు నిలబడితే, 'ఏవీ రుజువులు?' అంటారు. ఒక కిటికీ దగ్గర నేరమైనదే పక్క కిటికీ దగ్గర అర్హత. ఆ అర్హతకి ఫీజు మనిషికి 325 డాలర్లు, వీసా ఇవ్వకపోయినా తిరిగివ్వరు.

వరస మాత్రం పొడుగే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల కోటాకి, వాళ్ల భార్యాభర్తలూ పిల్లలతో సహా, ప్రపంచం మొత్తానికీ కలిపి ఏడాదికి 65,000 వీసాలని 1990 చట్టం. పైగా కుటుంబ, ఉద్యోగ కోటాలన్నీ కలిపి చూస్తే ఏ దేశానికీ 7 శాతం మించకూడదు. నూట నలభై కోట్ల దేశానికీ, నాలుగు పడవలు కట్టుకున్న ద్వీపానికీ ఒకటే గీత. ఇంతకన్నా సమానత్వం ఎక్కడుంది? నెలనెలా వీసా బులెటిన్ వస్తుంది, అందులో ఏ తేదీ దాకా పిటిషన్ వేసినవాళ్ల వంతు వచ్చిందో చూసుకోవాలి. ఆ తేదీ ముందుకే జరగాలని లేదు. గ్రహాలకున్నట్టే ఈ తేదీలకీ వక్రగతి ఉంది, ఉన్నట్టుండి ఏళ్లకేళ్లు వెనక్కి నడుస్తాయి.

ఈలోగా పిల్లలు ఎదుగుతారు. ఎదగడం వాళ్ల తప్పే. 21 నిండితే తల్లిదండ్రుల వెంట వెళ్లే హక్కు పోతుంది. దీనికి 2002లో విరుగుడు కనిపెట్టారు. పిటిషన్ వేసిన రోజు నుంచి మంజూరైన రోజు దాకా ఎన్నాళ్లు పడితే, అన్నాళ్లు కుర్రవాడి వయసులోంచి కొట్టేస్తారు. గడ్డం మాసిన పాతికేళ్లవాడు కాగితం మీద ఇరవయ్యేళ్లవాడైపోతాడు. అయితే ఆ తర్వాత వరసలో నిలబడ్డ ఏళ్లకి ఈ మినహాయింపు లేదు. ఆఫీసు బల్ల మీద ఫైలు పడుంటే వయసు ఆగుతుంది, మనం నిలబడుంటే మాత్రం నడుస్తుంది. ఇందులో ఏదో వేదాంతం ఉంది, నాకే అంతుబట్టలేదు.

నాకు అన్నిటికన్నా ముచ్చటేసింది ఐ-864. రప్పించుకునేవాళ్లు ఇచ్చే పోషణ హామీ పత్రం అది. అమెరికా ప్రభుత్వం గీసిన పేదరికపు గీతకి 125 శాతం ఆదాయం చూపించి, వచ్చేవాళ్ల భారం మాదేనని సంతకం పెట్టాలి. వచ్చినవాళ్లు పౌరులైతేనో, 40 త్రైమాసికాల పని లెక్క పూర్తయితేనో, దేశం వదిలి వెళ్లిపోతేనో, ఇద్దరిలో ఒకరు కన్నుమూస్తేనో ఆ పూచీ తీరుతుంది. భార్యాభర్తలు విడాకులు తీసుకుంటే తీరదు. అగ్నిసాక్షిని కోర్టు రద్దు చేయగలదేమో గానీ, ఐ-864 జోలికి రాలేదు.

మెడికల్ సంగతి ఎక్కువ చెప్పను. వాళ్లు చెప్పిన డాక్టరే చూడాలి, టీకాలు పొడిపించుకోవాలి, ఊపిరితిత్తులు ఎక్స్‌రేకి అప్పగించాలి. ఫొటో రెండంగుళాల చదరం. 2016 నవంబరు నుంచి కళ్లజోడు పెట్టుకోకూడదు కాబట్టి, నలభై ఏళ్లుగా జోడుతో తిరుగుతున్న అన్నగారిని ఆ ఫొటోలో వదినగారే పోల్చుకోలేకపోయింది.

ఇక ఇంటర్వ్యూ. అన్నగారి చేతిలో ఫైలు పసిపిల్లంత బరువుంది. జనన పత్రాలు, పెళ్లి పత్రం, పోలీసు సర్టిఫికెట్, చెల్లెలి పన్ను లెక్కలు, ఆమె చిన్నప్పుడు అన్నగారి జుట్టు పట్టుకుని లాగుతున్న ఫొటో కూడా. రంగు కాగితాలు అంటించి వరస తప్పకుండా పేర్చాడు. గాజు కిటికీ అవతల ఆఫీసరు నవ్వాడు. నవ్వు మంచిదా చెడ్డదా అన్నదాని మీద వెయిటింగ్ హాల్లో అప్పటికే రెండు వర్గాలున్నాయి. వేళ్లు స్కానర్ మీద పెట్టమన్నారు, పెట్టాడు. కుడిచెయ్యెత్తి, చెప్పేదంతా నిజమేనని ప్రమాణం చేయమన్నారు. కంగారులో రెండు చేతులూ ఎత్తేశాడు.

ఆ కంగారుని నవ్వకూడదు. కిటికీ వెనకున్న మనిషి కాదంటే కోర్టులు మామూలుగా తిరగదోడవు. భర్తని రప్పించుకోవడానికి పోరాడిన ఓ అమెరికా పౌరురాలి కేసులో అక్కడి సుప్రీంకోర్టు కూడా, భర్తకి వీసా రావాలన్నది ఆమె ప్రాథమిక హక్కేమీ కాదని 2024లో తేల్చేసింది. కాదనకుండా, అవుననకుండా 221(జి) చీటీ చేతిలో పెట్టే పద్ధతి ఒకటుంది. అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగ్ అంటారు, అంటే ఇంకా పరిశీలిస్తున్నామని. ఎన్నాళ్లని అడక్కూడదు.

"ఎవరి దగ్గరికి వెళ్తున్నారు?"

"మా చెల్లాయి దగ్గరికండి."

"ఆమె పుట్టినరోజు ఎప్పుడు?"

అన్నగారు ఫైలు తెరవబోయాడు. చూడకుండా చెప్పమన్నాడు ఆఫీసరు. చెప్పాడు. ఇంకో రెండు ప్రశ్నలయ్యాక ఆఫీసరు ఫైలు ముట్టుకోకుండానే పాస్‌పోర్టు తన దగ్గర పెట్టేసుకున్నాడు. మామూలుగా ఎవరైనా మన పాస్‌పోర్టు ఉంచేసుకుంటే పోలీసుల దగ్గరికి పరిగెడతాం. ఇక్కడ తిరిగిచ్చేస్తేనే ఏడవాలి.

లోపలికి ఫోన్లు రానివ్వరు గనక, బయటికొచ్చాకే చెల్లెలికి ఫోను చేశాడు.

"వచ్చిందా అన్నయ్యా?"

"వచ్చినట్టే. పాస్‌పోర్టు ఉంచుకున్నారు."

"ఏమడిగారు?"

"నీ పుట్టినరోజు. కంగారులో తప్పు చెప్పాను, వాడు పట్టించుకోలేదు."

అవతల కాసేపు మాటలేదు.

"ఏ తేదీ చెప్పావు?"

"పద్నాలుగు."

"అన్నయ్యా," అంది చెల్లెలు, "పద్నాలుగే."