రైల్వే బాండ్‌లో బంగారం లేదు బావా

ఒకే ఫార్వర్డ్ మెసేజ్ నాకు రావడం ఈ వారంలో ఇది అయిదోసారి. ముందు మా బావ పంపాడు, తర్వాత ఎడిసన్‌లో ఉండే క్లాస్‌మేట్, నిన్న మా పిన్ని కూడా, "నీకు ఈ కాగితాల పిచ్చి కదా, చూడు" అంటూ. నేను పాత రైల్వే బాండ్లు, అంటే రైల్వే కంపెనీలు అప్పు తీసుకుని రాసిచ్చిన కాగితాలు, పోగేస్తానని అందరికీ తెలుసు, అందుకే తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తోంది. అందులో ఉన్నదిది: 1870ల నాటి అమెరికా రైల్వే బాండ్లకు బంగారంలో చెల్లిస్తామని రాసిచ్చారు. వాటికి అమెరికా ట్రెజరీ, అంటే ఆర్థిక శాఖ, హామీ ఉంది. వడ్డీ మీద వడ్డీ కలిపితే ఒక్కో కాగితం కోట్లు. పంచ్ రంధ్రాలు లేకపోతే చాలు. పాతవి కాబట్టి అరుదు. చైనా, రష్యా బాండ్లకు ఇచ్చారు, వీటికీ ఇస్తారు. ముందుగా వ్యాల్యుయేషన్ ఫీజు కడితే వాటా మీదే.

రంధ్రాల సంగతి. రంధ్రాలుంటే కంపెనీ ఆ బాకీ తీర్చి కాగితం రద్దు చేసిందని. లేకపోతే తీర్చకుండానే మునిగిందని కూడా కావచ్చు. దాన్ని చూసి సంబరపడేవాళ్లను ఇప్పుడే చూస్తున్నాను.

"పాతది కాబట్టి అరుదు" అట. పెన్ సెంట్రల్ అనే అమెరికా రైల్వే కంపెనీ 1970లో దివాలా తీసింది. ఆ కాగితాలు పది పదిహేను డాలర్లకు కావలసినన్ని దొరుకుతాయి. ఆనాటి రైల్వే కుబేరులు వాండర్‌బిల్ట్ సంతకమో, జే గూల్డ్ సంతకమో ఉంటే వేరే మాట. ఆ ధర సంతకానిది, బాకీది కాదు.

ఇక వడ్డీ. బాకీపడ్డ కంపెనీ దివాలా తీసి, దాని ఆస్తి వేలం వేసి, వచ్చింది పంచుకుని నూరేళ్లు దాటాక ఆ వడ్డీ ఎవరి నెత్తిన పెరుగుతోంది? ఈ లెక్కన మా ముత్తాత పక్కింటివాళ్లకు అప్పిచ్చిన వడ్ల బస్తాకు ఇవాళ ఆ ఊరంతా నాకు రాసివ్వాలి.

బంగారం దగ్గర కాస్త ఆగుదాం, మనుషులు పడిపోతున్నది ఇక్కడే. బాండ్ మీద బంగారు నాణేల్లో చెల్లిస్తామని ఉండటం నిజమే, నా దగ్గరున్న వాటిలోనూ ఉంది. కానీ 1933 జూన్ 5న అమెరికా కాంగ్రెస్ ఆ షరతులన్నీ చెల్లవని తీర్మానించింది. ఆ తర్వాత ఔన్సు బంగారం ధరను 20.67 డాలర్ల నుంచి 35కు పెంచారు. బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వే బాండ్ ఉన్న నార్మన్ అనే ఆయన కోర్టుకెక్కాడు. ఆయన వడ్డీ కూపన్ 22.50 డాలర్లది, బంగారం లెక్కన 38.10 ఇమ్మన్నాడు. 1935 ఫిబ్రవరి 18న సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఇవ్వక్కర్లేదంది. ఆ కంపెనీ అప్పటికి బతికే ఉంది, రైళ్లు నడుపుతోంది. అలాంటి కంపెనీ బాండ్‌కే బంగారం రాలేదు. ఫార్వర్డ్‌లో ఫొటో పెట్టిన బాండ్ కొద్ది దూరం పట్టాలేసి చతికిలబడ్డ ఒక మిషిగన్ కంపెనీది. దానికి మీకు కోట్లొస్తాయా?

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. మాట తప్పారన్నది అబద్ధం కాదు. అదే రోజు వచ్చిన ఇంకో తీర్పులో, ప్రభుత్వం తన సొంత బాండ్ల మీద ఇచ్చిన మాటను కాంగ్రెస్ తప్పడానికి వీల్లేదని ప్రధాన న్యాయమూర్తి హ్యూస్ రాస్తూనే, నష్టం నిరూపించలేదు కాబట్టి పైసా రాదన్నాడు. అది గుర్తొచ్చినప్పుడల్లా నాకూ ఒళ్లు మండుతుంది. కానీ ఒళ్లు మండితే డబ్బు రాదు.

ట్రెజరీ హామీ అట! పసిఫిక్ రైలుమార్గానికి 1860లలో ప్రభుత్వం మైలుకు 16 వేల నుంచి 48 వేల డాలర్ల దాకా తన సొంత బాండ్లు అప్పిచ్చింది. అవి వేరే కాగితాలు. రైల్వే కంపెనీ తన పేరుతో అమ్మిన బాండ్ దాని సొంత అప్పు. హామీ ఉంటే ఎలా ఉంటుందో మన దగ్గరే చూడొచ్చు. 1883లో లండన్‌లో పెట్టిన నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వేకి పేరులోనే గ్యారంటీ ఉంది. ఆ హామీ నిజాం సర్కారుది, 1930లో ఆ సర్కారే రైల్వేను కొనేసింది. ఇక అమెరికా ట్రెజరీ అయితే ఈ పాత రైల్వే బాండ్ల మోసం గురించి తన వెబ్‌సైట్‌లోనే హెచ్చరిస్తోంది. ఫార్వర్డ్‌లో ఉన్న ఆ మిషిగన్ బాండ్, 1873 నాటి షికాగో, సాగినా అండ్ కెనడా కంపెనీది, ఈ మోసాల్లో బాగా పేరు మోసింది. హామీ ఇచ్చారంటున్న వాళ్లే ఇవ్వలేదంటుంటే, "దాస్తున్నారు" అనడం! బియ్యాన్ని లాక్కునే మహిమ ఉందంటూ రైస్ పుల్లింగ్ చెంబు అమ్మేవాళ్లూ ఇలాగే అంటారు, నాసా దాస్తోందని.

చైనా, రష్యా విషయంలో మెసేజ్ సగం నిజం. 1987లో చైనా బ్రిటన్‌తో ఒప్పందం చేసుకుని 2.35 కోట్ల పౌండ్లిచ్చింది. రష్యా ఫ్రాన్స్‌కు 40 కోట్ల డాలర్లిచ్చింది. అయితే అవి దేశాల మధ్య బేరాలు, అసలు బాకీతో పోలిస్తే చిల్లర లాంటివి. 1911 నాటి చైనా హుక్వాంగ్ రైల్వే బాండ్ల మీద అమెరికన్లు అలబామా కోర్టులో వేసిన కేసులో 1982లో సుమారు 4.1 కోట్ల డాలర్ల తీర్పొచ్చింది. 1984లో అదే కోర్టు దాన్ని కొట్టేసింది. ఈ సంగతి మెసేజ్‌లో ఎందుకు లేదో!

అంటే మిగిలింది ఫీజు. ఈ మొత్తం వ్యవహారంలో నిజంగా చేతులు మారే డబ్బు అదొక్కటే.

నాకు ఆ కాగితాలు ఇష్టమే. అమెరికన్ బ్యాంక్ నోట్ కంపెనీ చెక్కిన ఇంజన్ బొమ్మ మీద వేలు పెడితే గీతలు తగులుతాయి. ఇరవై డాలర్లకు అంతకన్నా ఏం కావాలి?

ఇదంతా పిన్నికి ఫోన్‌లో చెప్పాను. ఓపిగ్గా విని, "మరి అల్లుడుగారు మొన్నే ఫీజు కట్టేశారంట కదరా, అక్కకు చెప్పొద్దన్నారు" అంది.