మా శ్లాబు గారి దివ్య సముఖానికి

మహారాజశ్రీ మా ఇంటి శ్లాబు గారికి, కింద కాపురముంటున్న కుటుంబం నమస్కరించి రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. కలం ఇలా పెట్టానో లేదో, కాగితం మీద టప్పున చుక్క పడింది. కాబట్టి కుశలం సంగతి వదిలేద్దాం. మంచం జరిపి, కాగితం మార్చి, మళ్లీ రాస్తున్నాను.

తమరు కారడం మొదలుపెట్టింది 2023 డిసెంబరు 5న, బాపట్ల దగ్గర తుపాను తీరం దాటిన రోజు. దాని పేరు ఒక పేపర్లో మిచౌంగ్, ఇంకో పేపర్లో మిగ్‌జాం. మయన్మార్ వాళ్లు పెట్టిన పేరట. నోరు తిరగక మా అమ్మ ‘బాపట్ల వాన’ అనేసింది. అంత గాలివానకి ఏ శ్లాబు మాత్రం తట్టుకుంటుందిలే అని మిమ్మల్ని ఒక్క మాట అనలేదు. తుపాను వెళ్లిపోయింది. చుక్క ఉండిపోయింది. అప్పటినుంచి బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో అనడమే తరువాయి, మా హాల్లో బక్కెట్ పడుతుంది.

ఊళ్లో ఇళ్లన్నీ వానాకాలం కురిస్తే తమరిది చలికాలం వాటం. జూలైలో ఎంత కొట్టినా వాన వెలిసి ఎండ కాస్తే తమరు ఆరిపోతారు. డిసెంబరులో పైన ముసురు, పొద్దున మంచు, మధ్యాహ్నం నీరెండ. తాగిన నీళ్లు కడుపులోనే దాచుకుని, వాన వెలిసిన నాలుగో రోజున, ఆకాశం అద్దంలా ఉన్నప్పుడు, నిదానంగా వదులుతారు. ఎదురింటాయన చూసి "వాన లేదుగా, మరి నీళ్లెక్కడివి?" అంటే ఏం చెప్పమంటారు? ట్యాంకు పొర్లిందని మీ కోసం రెండుసార్లు అబద్ధం ఆడాను.

పగులు ఉన్నదేమో పిట్టగోడ మూల. కారేదేమో హాలు నట్టనడుమ, ఫ్యాన్ బాక్సులోంచి. మొదట్లో నాకు అర్థం కాలేదు. పోత పోసేటప్పుడు మీ లోపల పడుకోబెట్టిన కరెంటు పైపు పట్టుకుని నీళ్లు అంతదూరం నడిచొస్తున్నాయని ఎలక్ట్రీషియన్ చెప్పాడు. చలికాలం వీళ్లకి ఫ్యాన్‌తో పనేముందిలే అనుకున్నారు కాబోలు. కానీ కరెంటూ నీళ్లూ ఒకే పైపులో కాపురం చెయ్యడం నవ్వులాట కాదు. ఆ లైనుకి బ్రేకరు దించేసి, ఆ వారమంతా టార్చి వెలుగులో భోంచేశాం. గోంగూర పచ్చడి అనుకుని మావాడు చింతకాయ పచ్చడి కలుపుకున్నాడు. అది వేరే గొడవ.

మీకు వైద్యం చేయించలేదని మాత్రం అనకండి. ముందు ఇరుగుపొరుగు మాట విని సిమెంటు పాలు పోయించాను. శుభ్రంగా తాగారు, కారడం మానలేదు. తర్వాత మేస్త్రీని పిలిస్తే, పైకెక్కి చెప్పుకాలితో రెండు చోట్ల తట్టి, "సార్, తడి మీద ఏ మందూ పట్టదు. ఎండలొచ్చాక ఫోన్ చెయ్యండి" అన్నాడు. నేను వినే రకమా? ఇంకొకణ్ని పట్టుకొచ్చి డిసెంబరులోనే తెల్లటి కోటింగ్ వేయించాను. నాలుగు రోజులు ఎండ కాసేసరికి లోపలి తడి ఆవిరై పైకి తన్నింది. కోటింగంతా పూరీలా పొంగి, సంక్రాంతి గాలిపటాలు ఎగరేసే పిల్లల కాళ్లకి అంటుకుని మెట్ల దాకా వచ్చింది. డబ్బులు పోతే పోయాయి, మొదటి మేస్త్రీ మా వీధిలోంచి వెళ్లినప్పుడల్లా బండి స్లో చేసి నవ్వుతున్నాడు.

మరి ఎండలొచ్చాక ఏం చేశారని మీరు అడగొచ్చు. ఏప్రిల్లో పైకి ఎక్కామండీ, ఎక్కకేం! వడియాలు పెట్టడానికి. ఆవకాయకి మిరపకాయలు ఎండబెట్టడానికి. గుంటూరు ఎండకి తమరు పెనంలా కాలుతుంటే, పగులు కళ్లెదుటే వేలెడు పొడవున కనిపిస్తూనే ఉంది. దాని మీదే పాత చీర పరిచి మా అమ్మ సగ్గుబియ్యం వడియాలు పెట్టింది. మూల రావి మొక్క మొలిస్తే దేవుడి చెట్టు, పీకకూడదంది. తూములో ఎండుటాకులు నేనూ చూశాను. ‘రేపు తీయిద్దాం’ అన్నాను. ఆ రేపు ఇంకా రాలేదు.

అసలు మీ కోపం ఎక్కడిదో నాకు తెలుసు. ఇన్నాళ్లూ పైకి అనలేదు. మిమ్మల్ని పోసింది మా నాన్న, మే నెలలో. ఐఎస్ 456 అని కాంక్రీటు పనికి నియమాల పుస్తకం ఒకటి ఉంది, దాని లెక్కన మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, బూడిదలాంటివి కలిపిన పీపీసీ సిమెంటు అయితే 10 రోజులు నీళ్లు ఆరకుండా చూడాలి. నాన్న ఆ పుస్తకం చూడలేదు గానీ మర్యాద తెలిసిన మనిషే. మీ మీద మట్టిగట్లతో మడులు కట్టించి నీళ్లు నిలబెట్టాడు. నాలుగో రోజున కరెంటు పోయి మోటారు ఆడలేదు. ఐదో రోజు మేనత్త కూతురి పెళ్లి, అందరం తెనాలి వెళ్లాం. తిరిగొచ్చేసరికి మడులు ఎండి, మట్టి నెర్రెలిచ్చి ఉంది. పుట్టిన వారానికే అంత ఎండలో దాహంతో వదిలేశాం. ఆనాడు మేం బాకీపడ్డ నీళ్లు ఇప్పుడు వడ్డీతో మా నెత్తినే పోస్తున్నారు. లెక్క న్యాయమే. కానీ అప్పు చేసింది నాన్న, చుక్క పడేది నా మంచం మీద.

మా తాతయ్య మిద్దె ఇలా కాదట. గానుగ సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి, ఆడకూలీలు వరసగా కూర్చుని రోజుల తరబడి చెక్కలతో కొట్టి గచ్చు చేశారని అమ్మ చెబుతుంది. అంత బెల్లం తిన్న మిద్దె కాబట్టి నోరు మెదపలేదు. మీకు మేం పెట్టింది ఏముంది, పెళ్లి నుంచి తెచ్చిన లడ్డూ కూడా పెట్టలేదు.

ఒక్కటి మాత్రం భయమేస్తోంది. మొన్న తెల్లవారుజామున, వాకిట్లో ముగ్గు వేసే వేళ, వంటింట్లో పెచ్చు ఒకటి ఊడి పొయ్యి పక్కన పడింది. పైకి చూస్తే ఇనుప చువ్వ, ఎర్రగా తుప్పు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, తన మీదున్న సిమెంటుని తనే నెట్టేస్తుందట. చుక్కలైతే బక్కెట్లో పట్టుకుంటాం, పెచ్చులు పట్టుకునే గిన్నె మా ఇంట్లో లేదు.

అందుకని రాజీకి వస్తున్నాను. మేస్త్రీకి ఫోన్ చేశాను, మొదటాయనకే. నవ్వాడు, నవ్వనిచ్చాను. సంక్రాంతి అయ్యాక అంటే శివరాత్రి అయ్యాక అన్నాడు. పగులు చీల్చి నింపి, పిట్టగోడ మూల గుండ్రంగా సిమెంటు పూసి, మీరు పూర్తిగా ఆరాకే వల వేసి మందు పూస్తాడట. ఈసారి వడియాలు పక్కింటి డాబా మీద. రావి మొక్క సంగతి అమ్మ లేనప్పుడు చూస్తాను.

అంతదాకా ఒక్క మనవి. ఎల్లుండి భోగి. తలంటుకి నీళ్లు తోడుకోవాలి, ఇంట్లో ఉన్న పెద్ద బక్కెట్ మీ కిందే ఉంది. ఆ ఒక్క పూటా ఓపిక పట్టండి.

ఇట్లు,
తమరి కింద తలదాచుకుంటున్న కుటుంబం,
గుంటూరు.