నేనే నేనని చెప్పడానికి ఒక క్రియ కావాలి

పదో తరగతి మార్కుల మెమోలో నా పేరు సుబ్బారావు. మరో కార్డులో సుబ్బా రావు. ఇంగ్లిషు అక్షరాల్లో రెండింటికీ తేడా ఒక్క ఖాళీ. టైపు చేసినవాడి బొటనవేలు ఆ రోజు స్పేస్ బార్ మీద పడింది, అంతే. కానీ ఓ ఆఫీసులో కౌంటర్ దగ్గరున్నాయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, కళ్లజోడు పైకి నెట్టుకుని, "వీళ్లిద్దరూ ఎవరండీ?" అని అడిగాడు. ఇద్దరు కారని, ఒక్కడేనని, ఆ ఒక్కడూ నేనేనని చెప్పాను. నోటిమాట చెల్లదన్నాడు. స్టాంపు పేపరు మీద, నోటరీ ముద్రతో, ఇంగ్లిషులో అఫిడవిట్ కావాలన్నాడు.

చిక్కంతా ఆ ఇంగ్లిషు దగ్గరే. తెలుగులో "నేనేనండీ" అంటే తీరిపోయే పని. ఇంగ్లిషులో ఒక మాటను గట్టిగా చెప్పాలంటే ఎంత గట్టిగా, ఎవరి మొహం మీద, ఏ ధైర్యంతో అన్నవి ముందే తేల్చుకుని క్రియను ఎంచుకోవాలి. నలభై ఏళ్లుగా ఇంగ్లిషు పేపరు చదువుతున్నవాణ్ని. నేను ఉన్నానని లోకానికి రాతపూర్వకంగా చెప్పే అవకాశం మొదటిసారి వచ్చింది. దాన్ని ఏదో ఒక క్రియతో సరిపెట్టడానికి మనసొప్పలేదు. ఆ రాత్రి భోజనాలయ్యాక నిఘంటువు దించాను.

మా ఇంటి నిఘంటువు సమదృష్టి గలది. అసర్ట్ అన్నా, అఫర్మ్ అన్నా, అవర్ (aver) అన్నా "నొక్కి చెప్పు" అంటుంది. ఎక్కడ నొక్కాలో చెప్పదు. కాబట్టి సొంత బుర్ర వాడాల్సి వచ్చింది.

క్లెయిమ్ అనే మాటను మొదటే పక్కన పెట్టాను. "తాను సుబ్బారావునని క్లెయిమ్ చేస్తున్నారు" అని పేపర్లో చదివితే, వాడు సుబ్బారావు కాదని మీకూ నాకూ వెంటనే అర్థమైపోతుంది. అలెజ్‌లో పోలీస్ స్టేషన్ వాసన ఉంది. నేనే నేనని అలెజ్ చేస్తే నా మీద నేనే ఫిర్యాదు ఇచ్చుకున్నట్టు. కంటెండ్ అనాలంటే అసలు సుబ్బారావును నేనంటూ ఎదుట ఇంకొకడు నిలబడాలి. ఇన్నేళ్లలో ఎవడూ రాలేదు, ఈ పేరుకు అంత గిరాకీ లేదు. డిక్లేర్ గంభీరంగానే ఉంటుంది గానీ దానికి అధికారం కావాలి. కలెక్టరుగారు సెలవు డిక్లేర్ చేస్తే బడి మూతపడుతుంది. నేను డిక్లేర్ చేస్తే ఇంట్లో టీవీ చానల్ కూడా మారదు. ఇక ఇన్‌సిస్ట్ అనేది పెళ్లి పంతిలో బూరెలు వడ్డించేవాళ్లు చేసే పని. ఎదుటివాడు వద్దు వద్దంటూ విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాలి, అప్పుడే ఆ మాటకు అందం.

అసర్ట్ దగ్గర మాత్రం చాలాసేపు ఆగాను. ఇది లాటిన్ నుంచి వచ్చిన మాట. ప్రాచీన రోములో ఒక మనిషి బానిసా, స్వతంత్రుడా అన్న తగువు వస్తే, ఆ మనిషి తనంతట తాను నోరు విప్పి వాదించుకోవడానికి లేదు. వేరే పౌరుడెవరో ముందుకొచ్చి, అతని మీద చెయ్యి వేసి, "ఇతను స్వతంత్రుడు" అని పలకాలి. అలా పలికేవాణ్ని అసర్టర్ అన్నారు. అంటే అసర్ట్‌లో అసలు బలం గొంతులో లేదు, ఆ చేతిలో ఉంది. మన దగ్గర నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేస్తే నమ్మేవాళ్లకు ఇది కొత్తగా ఏమీ అనిపించదు. నా నెత్తి మీద చెయ్యి వేసి "ఈయన సుబ్బారావే" అనమని మా ఆవిణ్ని అడిగాను. నెలాఖరు ఖర్చుల లెక్క తేలేదాకా ఏ మాటా ఇవ్వనంది.

మిగిలినవి అఫర్మ్, అవర్. ముందు అఫర్మ్ సంగతి. దీని వెనక రక్తపాతం లేదు గానీ పేచీ చాలా ఉంది. దేవుడి పేరు మీద ఒట్టు పెట్టడం తప్పని నమ్మిన క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ల కోసం పదిహేడో శతాబ్దం చివర్లో ఇంగ్లండులో దీనికి చట్టబద్ధమైన చోటు ఇచ్చారు. ఒట్టు పెట్టేవాడు స్వేర్ చేస్తాడు, పెట్టనివాడు అఫర్మ్ చేస్తాడు. ఇంత చిన్న తేడా దగ్గర చార్లెస్ బ్రాడ్లా అనే నాస్తికుడు ఇరుక్కుపోయాడు. 1880లో నార్తాంప్టన్ నుంచి పార్లమెంటుకు ఎన్నికై, నేను స్వేర్ చెయ్యను, అఫర్మ్ చేస్తానన్నాడు. కుదరదన్నారు. పోనీ స్వేర్ చేస్తానన్నాడు. దేవుణ్ని నమ్మనివాడి ఒట్టు చెల్లదన్నారు. మాట వినలేదని ఓ రాత్రి పార్లమెంటు గడియార స్తంభంలోనే బంధించారు. సీటు పోయినప్పుడల్లా ఉపఎన్నికలో నిలబడి మళ్లీ గెలిచాడు. ఆరేళ్లు అలా నడిచాక 1886లో చివరికి స్వేర్ చేశాకే లోపల కూర్చున్నాడు! అఫర్మ్ చేసే హక్కు అందరికీ వచ్చింది 1888 చట్టంతో. ఆయన 1889లో బొంబాయి కాంగ్రెస్ సభకు కూడా వచ్చాడు. మన రాజ్యాంగం మూడో షెడ్యూల్లో దైవసాక్షిగా అనేవాళ్లకూ, దేవుణ్ని మధ్యలోకి లాగడం ఇష్టం లేనివాళ్లకూ విడివిడిగా మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఎవరికి నచ్చినది వాళ్లు తీసుకోవచ్చు. అబద్ధమాడేవాళ్లకు మాత్రం ఎంచుకునే వీల్లేదు. 1860 నాటి శిక్షాస్మృతి 51వ సెక్షన్‌లోనే ఒట్టు అంటే అఫర్మేషన్ కూడా అని రాసేశారు.

మనకు మాత్రం ఇలాంటి క్రియలు లేవా అని మీరు అడగొచ్చు. ఎందుకు లేవు, పేపరు తిరగేయండి. ఒకే మాటను మంత్రిగారు స్పష్టం చేస్తారు. ప్రతిపక్షం వారు ఆరోపిస్తారు. పోలీసులు వెల్లడిస్తారు. అధికారి పేర్కొంటాడు. స్వామీజీ ఉద్బోధిస్తారు. హీరో చెప్పుకొస్తాడు. ఎంతో దూరం నుంచి నడిచి వచ్చినట్టు, ఎప్పుడూ చెప్పుకొస్తూనే ఉంటాడు, పాపం. అదే మాట రెండోసారి అంటే పునరుద్ఘాటన. కాస్త కోపంగా అంటే కుండబద్దలు కొట్టినట్టు.

కానీ ఇవన్నీ పేపర్లో బతికే క్రియలు. ఇళ్లల్లో తెలుగువాడు ఈ బరువంతా మాట తోకకు కట్టేశాడు. "వచ్చాడు" అంటే కబురు. "వచ్చాడండీ బాబూ" అంటే నమ్మమని బతిమాలడం. "వచ్చాడట" అంటే నేను చూడలేదు, విన్నాను, రేపు తేడా వస్తే నన్ను అడక్కండి అని. కొందరు "వచ్చాడంట" అంటారు, పూచీ అంతే. ఇంగ్లిషు పత్రిక లాయర్ని అడిగి, అలెజ్డ్‌లీ అని వాక్యానికి రెండుసార్లు తగిలించి కూడా భయపడుతూ అచ్చువేసే సంగతిని మా పిన్ని ఒక్క "ట"తో మధ్యాహ్నం మూడు గంటలకల్లా వీధి చివరిదాకా చేరవేస్తుంది. ఇంతవరకు ఆవిడ మీద ఒక్క పరువునష్టం దావా పడలేదు.

ఇంత ఆలోచించాక ఆఖరికి అవర్ ఖాయం చేశాను. కోర్టు భాష, చదువుకున్నవాళ్ల మాట, దేవుడితో తగువు లేదు. మర్నాడు కోర్టు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపుకెళ్లి నా చిత్తుప్రతి ఇచ్చాను. కంప్యూటర్ ముందున్న కుర్రాడు మొదటి లైనులోనే ఆగిపోయాడు.

"సార్, ఇక్కడ స్పెల్లింగ్ తప్పు పడింది. ఓవర్ కదా?"

"కాదు బాబూ, అవర్."

"గంటా సార్?"

వివరించబోయాను. వినేంత తీరిక అతనికి లేదు, వెనక నలుగురున్నారు. "మనకు ఫార్మాట్ ఉంటుంది సార్" అని ఒక ఫైలు తెరిచి, ఎవరిదో పేరు తీసేసి నా పేర్లు రెండూ పెట్టి ప్రింట్ తీశాడు. చదివాను. "డూ హియర్‌బై సాలెమ్‌లీ అఫర్మ్ అండ్ సిన్సియర్‌లీ స్టేట్ ఆన్ ఓత్" అని ఉంది.

"ఇదేంటయ్యా, అఫర్మ్ చేసేవాడికి ఓత్ ఉండదు. ఓత్ ఉన్నవాడు అఫర్మ్ చెయ్యక్కర్లేదు. రెండూ ఎలా పెడతావు?"

"రెండూ ఉంటే మంచిదే కదా సార్. ఏదో ఒకటి పనిచేస్తుంది."

బ్రాడ్లాకు ఆరేళ్లు పట్టిన పేచీని ఈ కుర్రాడు మధ్యలో ఒక "అండ్" పెట్టి తేల్చేశాడు. డబ్బులిచ్చేశాను. నోటరీగారు ఫోన్లో మాట్లాడుతూనే, కాగితం వంక చూడకుండా మూడు చోట్ల ముద్ర కొట్టారు.

కౌంటర్ దగ్గర అదే ఆయన, అదే కళ్లజోడు. అఫిడవిట్ తీసుకుని అటూ ఇటూ తిప్పి, స్టాంపు ఉందో లేదో చూసి, ముద్ర మీద వేలితో రుద్ది చూసి, మధ్యలో ఉన్న ఇంగ్లిషు జోలికి పోకుండా లోపలి గది వైపు తిరిగాడు.

"ఈయనే ఆయనంట సార్!"