రెండు డిస్కుల అతిలోక సుందరి

(గుడివాడ. సెలవుకి అక్క ఇంటికొచ్చాడు తమ్ముడు. టీవీ కింద పాత డీవీడీ ప్లేయరు, అందులో 'జగదేక వీరుడు అతిలోక సుందరి' వీసీడీ మొదటి డిస్కు తిరుగుతోంది.)

తమ్ముడు: ఇంకా ఇదేనా అక్కా! 2025 మే 9న హాళ్ళలో మళ్ళీ వేశారు కదా, 1990లో విడుదలైన అదే తేదీకి. నేను విజయవాడ వెళ్ళి చూశాను. నిన్నూ రమ్మన్నాను.

అక్క: ఆ త్రీడీ కళ్ళద్దాలు నాకు పడవురా. ఒక్క కంటితో తీసిన బొమ్మకి ఇప్పుడు లోతు అతికించడమేంటి?

తమ్ముడు: టూడీ కూడా వేశారు, అది సాకు. ముందు ఈ బొమ్మ చూడు. వీసీడీ అంటే అడ్డంగా 352 చుక్కలు, నిలువుగా 288, అంతే. మొన్న హాల్లో వేసింది 4K, దీనికి ఎన్నో రెట్లు చుక్కలు. మానస సరోవరం దగ్గర శ్రీదేవి దిగొచ్చేటప్పుడు కెమెరామన్ విన్సెంట్ గారు పెట్టిన వెలుగు అక్కడ కనపడింది. ఇక్కడ నీలమంతా గళ్ళు గళ్ళుగా చెదిరిపోయింది. టీవీకి సరిపెట్టడానికి పక్కలు కోసేశారు. ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుకుంటుంటే ఒకళ్ళ ముక్కు మాత్రమే మిగిలింది. పైగా పాటంతా డిస్కు వేసినవాడి ముద్ర మూలన వెలుగుతూనే ఉంటుంది. ఇది సినిమా కాదక్కా, సినిమాకి జిరాక్సు.

అక్క: బొమ్మ బాలేదన్నావు, ఒప్పుకున్నాను. సినిమా కాదంటే మాత్రం ఒప్పుకోను.

తమ్ముడు: హాల్లో చూడటానికి తీసిన సినిమా అది. నాకిప్పటికీ గుర్తు. తుఫాను వెలిసిన వారానికి నాన్న నన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. రోడ్డు మీద మోకాళ్ళ లోతు నీళ్ళు. నేలటిక్కెట్టు దగ్గర కూడా నీళ్ళే, జనం పంచెలు పైకి కట్టుకుని నిలబడి చూశారు. ఆ వీరుడు తెర మీదికి రాగానే...

అక్క: అప్పుడు నేనెక్కడున్నాను?

తమ్ముడు: ఇంట్లో.

అక్క: ఇంట్లో ఏం చేస్తున్నాను? చెప్పనా? తడిసిన బియ్యం మంచం మీద ఆరబోసి అమ్మతో కలిసి పురుగులు ఏరుతున్నాను. మే 9న సినిమా వచ్చింది, ఆ రోజే తుఫాను కృష్ణ ముఖద్వారం దగ్గర తీరం దాటింది. వందల మంది పోయారు. అలాంటప్పుడు సినిమా అడగడమే తప్పనుకుని నోరు మూసుకున్నాను. నువ్వు ఎనిమిదేళ్ళవాడివి, ఏడిస్తే తీసుకెళ్ళారు. నాకు పద్నాలుగు. 'ఆ జనంలో ఆడపిల్లెందుకు' అన్నాడు నాన్న. తర్వాత అది వంద రోజులాడినా, ఊరంతా 'అబ్బనీ తీయని దెబ్బ' పాడుతున్నా, నేను పాట విన్నది పక్కింటి టేప్‌రికార్డరులోనే. పెళ్ళయ్యాక టీవీలో రెండుసార్లొచ్చింది. ఒకసారి కరెంటు పోయింది, ఇంకోసారి అత్తగారి తరపు చుట్టాలొచ్చి సగంలో లేచి వంటింట్లోకి వెళ్ళాను. 2002లో విజయవాడ బీసెంట్ రోడ్డు మీద పేవ్‌మెంటు కొట్లో ఈ రెండు డిస్కుల డబ్బా కనపడితే కూరగాయల డబ్బుల్లోంచి కొన్నాను. మధ్యాహ్నం మూడింటికి, అందరూ పడుకున్నాక, తలుపు దగ్గరేసుకుని పెట్టాను. మొదటిసారి ఈ సినిమాని మొదటినుంచి చివరిదాకా చూసింది ఆ రోజు. పిల్లాడు ఏడిస్తే ఆపాను, పడుకోబెట్టి మళ్ళీ అక్కణ్ణించే మొదలెట్టాను. నా కోసం ఆగిన సినిమా అదొక్కటే.

తమ్ముడు: (కాసేపాగి) నిన్ను తీసుకెళ్ళకపోవడం తప్పే. కానీ అక్కా, నాన్న చేసినదానికి తెర ఏం చేసింది? హాలుకి రానివ్వలేదని బాధ ఉంటే ఇప్పుడు హాలుకి రావాలి. ఎవరూ నిన్ను ఆపట్లేదు. ఇంట్లో కూర్చుని చిన్నబొమ్మే చాలనుకుంటే నాన్న మాటే నెగ్గినట్టు కాదా?

అక్క: ...ఆ మాట తగిలిందిరా.

తమ్ముడు: మరి?

అక్క: సరే, రావలసిందే. అయినా నువ్వు మొన్న ఏం చూశావో చెప్పు.

తమ్ముడు: చిరంజీవిని చూశాను! పాటకి హాలంతా లేచి ఆడింది.

అక్క: శ్రీదేవిని?

తమ్ముడు: ఆవిడ ఉంది, అందంగా ఉంది. సినిమా మాత్రం చిరంజీవిది.

అక్క: పేరులో సగం ఎవరిది? ఉంగరం పోగొట్టుకున్నది ఎవరు? స్వర్గం వదులుకోవాలా వద్దా అని తేల్చుకోవలసింది ఎవరు?

తమ్ముడు: ఆ అనాథ పిల్లలను సాకేది రాజు, అంటే చిరంజీవే. ఆ పాప కాలు కోసం అంత దూరం వెళ్ళింది రాజు. కథ నడిపింది ఆయన.

అక్క: కథ నడిపించాడు, కాదనను. ఆయన ఎదుట మాత్రం ఓ దేవకన్య నిలబడిందని నన్ను నమ్మించింది ఎవరు? 'మానవా' అని పిలిచినప్పుడల్లా ఆవిడ ఆ మాట ఒక్కలా అనదు. మొదట అందులో ఇంద్రుడి కూతురి పొగరు, తర్వాత చిరాకు, ఆ తర్వాత ఆ పిలుపే మెత్తబడుతుంది. నేను రిమోట్ పట్టుకుని వెనక్కి వెళ్ళి వెళ్ళి విన్నాను. విలన్ అమ్రీష్ పురి ఎదురుగా ఉన్నప్పుడు ఆయన అరుపులు కాదు, ఆవిడ కళ్ళు చూడు. ఈల మధ్యలో అవన్నీ నీకు వినపడ్డాయా? జంధ్యాల గారి మాటల్లో సగం విన్నావా?

తమ్ముడు: సగం మాటలు ఈలల్లో పోయాయి, నిజమే. కానీ ఆ ఈలే లేకపోతే అది అంత పెద్ద సినిమా అయ్యేదా? ఒంటరిగా నవ్విన నవ్వూ, అయిదొందల మందితో కలిసి నవ్విన నవ్వూ ఒకటేనా?

అక్క: కావు. 2018 ఫిబ్రవరి 24న దుబాయ్‌లో ఆవిడ పోయారు. తెల్లారి వార్త వినగానే ఈ డిస్కే పెట్టుకున్నాను. ఆ రోజు ఏ హాల్లో ఆడింది ఈ సినిమా? అయిదొందల మంది ఎక్కడున్నారు? నాకు ఆ రోజు కావలసింది ఒంటరిగా ఏడవడం.

తమ్ముడు: ఫోన్లో కూడా దొరికేది కదా.

అక్క: ఫోన్లో ఈ రోజు ఉంటుంది, హక్కులు మారితే రేపుండదు. ఇది నా బీరువాలో ఉంది.

తమ్ముడు: బీరువాలో ఉన్నా అరిగిపోతుందక్కా. లెన్సు పోతే ఈ ప్లేయరు బాగుచేసేవాడు కూడా దొరకడు.

(బొమ్మ గళ్ళుపడి ఆగిపోయింది. అక్క డిస్కు తీసి చీరకొంగుతో మధ్యనుంచి అంచుకి తుడిచి మళ్ళీ పెట్టింది. రెండు నిమిషాల ముందునుంచి మొదలైంది.)

తమ్ముడు: ఈసారి మళ్ళీ వేస్తే రెండు టిక్కెట్లు తీస్తాను. టూడీకే.

అక్క: మధ్య వరసలో తీయి. ఆవిడ 'మానవా' అంటున్నప్పుడు ఈల వేశావంటే లేచి వచ్చేస్తాను.

తమ్ముడు: వెయ్యను. ఇందాకటి ముక్క మళ్ళీ వెనక్కి తిప్పు, కళ్ళన్నావు కదా.