కండిషన్ ఎలా ఉందండీ?

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మాది పై వాటా, వాళ్ళది కింద వాటా. చెవులు మూసుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు.

ఆయన: నా ఫోన్లో ఎవరినే బ్లాక్ చేశావు?

ఆవిడ: చేశాను. శని వదిలింది.

ఆయన: శని కాదే, బేరం! అమ్మాయి ఇంజనీరింగ్ పుస్తకాలు అమ్మకానికి పెట్టి ఇరవై రోజులైంది. యూనివర్సిటీ వాళ్ళ 2016 నాటి ఆర్16 సిలబస్ పోయి ఆర్19 వచ్చింది, ఆర్20 వచ్చింది, ఇప్పుడు ఆర్23. ఇన్నాళ్ళకి ఒక్కడు అడిగాడు.

ఆవిడ: వాళ్ళు ఏడేళ్ళలో మూడుసార్లు మార్చారు. మీరు ఆ బనీను మార్చారా?

ఆయన: మాట తప్పించకు. క్యూఆర్ కోడ్ పంపి పిన్ కొట్టమంటే కొట్టొద్దన్నాను. డబ్బు మనకి రావడానికి పిన్ అక్కర్లేదని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. వీడు పిన్ అడిగాడా?

ఆవిడ: పిన్ అడగలేదు. ప్రాణం అడిగాడు.

ఆయన: ఏటీ?

ఆవిడ: చదవండి. కళ్ళజోడు నెత్తి మీదుంది.

ఆయన: "కండిషన్ ఎలా ఉందండీ?" దానికి నువ్వు... "పర్వాలేదు బాబూ, నిన్ననే ఈసీజీ తీయించాం." ఓసి నీ...

ఆవిడ: తెలిసినవాళ్ళెవరో కనుక్కుంటున్నారనుకున్నాను.

ఆయన: "లోపల గీతలున్నాయా?" "గీతలు బాగానే వచ్చాయన్నారు డాక్టరు గారు." "పసుపెక్కిందా?" "కామెర్లు లేవు బాబూ. బీపీ, మోకాళ్ళు, అంతే."

ఆవిడ: ఒక్క అబద్ధం ఉందేమో చూడండి.

ఆయన: "ఎంతకి వదిలేస్తారు?" "రాత్రి ఎనిమిదింటికే వదిలేశారు."

ఆవిడ: ఎన్నింటికి అని రాయడం రాలేదు కాబోలు అనుకున్నాను, ఈకాలం పిల్లలు.

ఆయన: "సరే ఆంటీ, రేపు చీపురుపల్లి నుంచి వచ్చి తీసుకెళ్ళిపోతాను."

ఆవిడ: అదిగో! అక్కడ నా కాళ్ళూ చేతులూ ఆడలేదు. తీసుకెళ్ళిపోతాడట! యముడైనా ఇంత మర్యాదగా చెప్పి రాడు.

ఆయన: పుస్తకాన్నే, పిచ్చిదానా!

ఆవిడ: పుస్తకం అన్న మాట ఎక్కడుందో వెతకండి.

(వెతికారు. లేదు. ఈ పాయింటు ఆవిడదే.)

ఆయన: రెండొందల యాభై పోయాయి.

ఆవిడ: పోనీండి. పైడితల్లమ్మకి చీర మొక్కుకున్నాను, పన్నెండొందలు తీయండి.

ఆయన: నా కోసమా?

ఆవిడ: మరి ఆ లెక్కల పుస్తకం కోసమా?

(కాసేపు కింద ఫ్యాను చప్పుడే.)

ఆయన: కాఫీ ఉందా?

ఆవిడ: మీకు రోజుకి ఒకటే అన్నారు, అయిపోయింది. నాదాంట్లో సగం పోస్తాను. మళ్ళీ అడక్కండి.

ఆయన: బ్లాక్ తీశాను. ఇదిగో, అప్పుడే పెట్టాడు. "అంకుల్‌కి ఎలా ఉంది ఆంటీ? నాకు తొందరేం లేదు."

ఆవిడ: మంచి గుంటడే. ఇలా ఇవ్వండి.

ఆయన: ఏం రాస్తున్నావు?

ఆవిడ: "కండిషన్ బావుంది. ఇవ్వం."

ఆయన: ఓసే, పుస్తకం!

ఆవిడ: ఆగండి, అదీ రాస్తున్నాను. "పుస్తకం మాత్రం రెండొందలకి పట్టుకుపో."

ఆయన: రెండొందల యాభై అన్నానే!