అనంతపురం చేలకు కావలసింది ఒక్క పంట కాదు

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురుస్తుందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఆ లెక్క రైతుకు అక్కరకు రాదు. జూన్‌లో రావలసిన పదును జూలై చివరికి జరగడం, విత్తాక 30, 40 రోజులు చినుకు రాలకపోవడం, తీరా కాయలు పీకే వేళకు కుండపోతగా కురవడం ఇప్పుడు మా వైపు తరచూ చూస్తున్నదే. వేరుశనగకు ఊడలు (పూత తర్వాత నేలలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగే సమయంలో బెట్ట వస్తే, గట్టిపడిన నేలలోకి దిగలేక ఊడ పైపైనే ఎండిపోతుంది. ఊరంతా అదే పంట వేస్తే ఊరంతా ఒకే వారంలో మునుగుతుంది. మా తాతల చేలల్లో వేరుశనగ మధ్య కంది, అలసంద, అనుము సాళ్లు, గట్టున ఆముదం ఉండేవి; కాయ పోయిన ఏడు కంది ఆదుకునేది. నాలుగు బస్తాలు ఎక్కువ వస్తాయన్న ఆశతో ఆ సాళ్లను మనమే తీసేసుకున్నాం.

ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయిన రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయంలో, నా దృష్టిలో ఆవు పేడ, మూత్రాలతో చేసే జీవామృతం కన్నా విలువైనది ఎండాకాలంలోనే నవధాన్యాలు వేసే పద్ధతి. విత్తనాలకు బంకమట్టి, ఘన జీవామృతం, బూడిద పూత పట్టించి పొడి నేలలో వేసి, పైన వేరుశనగ పొట్టో ఎండుటాకులో కప్పుతారు. పూత వల్ల చీమల బెడద తగ్గుతుంది, తగిన తేమ అందే దాకా గింజ ఆగుతుంది. మొన్న మే నెలలో మా పక్క చేనులో ఆ కప్పు తొలగించి వేలు గుచ్చి చూశాను. గట్టుకు ఇవతల మా నేల పెంకులా ఉంటే, అవతల వేలు రెండో కణుపు దాకా దిగింది, చల్లటి మట్టి గోటికి అంటుకుంది. అలసంద మొలక పీకితే తెల్లటి వేళ్లను పట్టుకుని మట్టి కూడా వచ్చింది.

రసాయన ఎరువులను ఒక్కసారిగా మానెయ్యమని నేను అనను. శ్రీలంక 2021లో వాటి దిగుమతిని హఠాత్తుగా నిషేధించి, అదే ఏడాది వెనక్కి తగ్గింది; అయినా వరి దిగుబడి దెబ్బతింది. నేల కోలుకోవడానికి కొన్నేళ్లు పడుతుంది, ఆ కొన్నేళ్లే కౌలు రైతు చేతిలో లేవు. వచ్చే ఏడు ఈ చేను తనకు దక్కుతుందో లేదో తెలియని మనిషిని పశువుల ఎరువు తోలించమని ఏ నోటితో అడుగుతాం? కనీసం ఐదేళ్ల రాతపూర్వక కౌలుకు ప్రభుత్వం పూచీ పడాలి.

ఇక అమ్మకం సంగతి. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ఘనంగా జరుపుకున్నాం. కానీ కేంద్రం ప్రకటించే కనీస మద్దతు ధరల జాబితాలో జొన్న, సజ్జ, రాగి ఉన్నాయే తప్ప, మా ఎర్రనేలల్లో తక్కువ వానకే చేతికొచ్చే కొర్రకు చోటు లేదు. పక్క చేను రైతు నిరుడు పండించిన కొర్రలు ధర రాక ఇంకా వసారాలోనే ఉన్నాయి. కొర్రను ఆ జాబితాలో చేర్చి, పండిన మండలంలోనే కొని, అక్కడి రేషన్ దుకాణాల్లో, అంగన్‌వాడీల్లో, బడి భోజనంలో ఇవ్వాలి. ఆ ధర విత్తనాలు వేయకముందే ప్రకటించాలి.