గాలె కోట డబ్బున్నవాళ్లకేనా?

శ్రీలంక ప్రయాణం పెట్టుకున్న తెలుగువాళ్ల మధ్య ఒక సందేశం తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "గాలె పేరుకే పాత ఓడరేవు. కోట నిండా ఖరీదైన కేఫులు, బొటీక్ హోటళ్లే. చూడటం రెండు గంటల్లో అయిపోతుంది. కారు మాట్లాడుకోక తప్పదు. తిండి ఖర్చు తడిసి మోపెడవుతుంది. సముద్రంలో దిగాలంటే రిసార్టు కావాలి. మే నుంచి సెప్టెంబరు దాకా అయితే వెళ్లడమే దండగ." ఇది చదివి, చేతిలో తక్కువ డబ్బున్న కుటుంబాలూ కాలేజీ పిల్లలూ గాలెను జాబితాలోంచి కొట్టేస్తున్నారు. నాకు బాధ కలిగించేది అదే. ఎందుకంటే ఈ ఊళ్లో చూడదగ్గవాటిలో ముఖ్యమైనవి డబ్బు అడగవు.

ముందు ఆ రెండు గంటల సంగతి. కారు దిగి, లైట్‌హౌస్ దగ్గర ఫోటో తీసుకుని, కాఫీ తాగి బయల్దేరితే రెండు గంటలు సరిపోతాయి. కానీ గాలె కోటలో అసలు చూడాల్సింది ఆ గోడ. దాని మీద నడవడానికి టిక్కెట్టు లేదు. 1588లో పోర్చుగీసువాళ్లు ఇక్కడ కోట మొదలుపెట్టారు. 1640లో డచ్చివాళ్లు దాన్ని గెలుచుకుని, ఇప్పుడు మనం చూస్తున్న రూపానికి తెచ్చారు. 1796లో బ్రిటిష్‌వాళ్ల చేతికి వెళ్లింది. లోపలి విస్తీర్ణం 52 హెక్టార్లు, చుట్టూ 14 బురుజులు. 1988లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

నడుస్తూ నడుస్తూ ఎక్కడైనా ఆగి గోడను దగ్గరగా చూడండి. గట్టి రాళ్ల మధ్య తేనెతుట్టెలా చిల్లులున్న ముక్కలు కనిపిస్తాయి. అది పగడపు రాయి. యూరప్ నమూనాలో కోట కట్టినా, రాయి ఈ సముద్రం ఇచ్చిందే. ఇక పాత గేటు దగ్గరికి వెళ్తే, బయటివైపు బ్రిటిష్ రాజముద్ర ఉంటుంది. గేటు దాటి వెనక్కి తిరిగి పైకి చూస్తే డచ్ ఈస్టిండియా కంపెనీ ముద్ర కనిపిస్తుంది: వీఓసీ అక్షరాలు, అటూ ఇటూ రెండు సింహాలు, పైన కోడిపుంజు, 1669 అన్న సంవత్సరం. రెండు సామ్రాజ్యాల చరిత్ర ఒక్క గుమ్మానికి రెండు వైపులా ఉంది. దీనికి మ్యూజియం టిక్కెట్టు ఎందుకు?

పడమటి వైపున్న ట్రైటన్ బురుజు మీద సాయంత్రం జనం చేరతారు. భూమధ్యరేఖకు దగ్గరి ఊరు కాబట్టి ఏడాది పొడవునా సూర్యాస్తమయం ఆరు గంటలకు అటూ ఇటూగానే. ఆ బురుజు మీద ఒకప్పుడు గాలిమర ఉండేది. సముద్రపు నీటిని తోడి, వీధుల కింద డచ్చివాళ్లు కట్టిన మురుగు కాలువలను కడగడానికి దాన్ని వాడారు. ఈ సంగతి తెలుసుకుని ఆ వీధుల్లో తిరిగితే, రెండు గంటల్లో ఒక మూల కూడా పూర్తికాదు. 1755 నాటి డచ్ చర్చిలో నేలంతా సమాధి రాళ్లే. లైట్‌హౌస్ పక్కనున్న మసీదు బయటి నుంచి చూస్తే చర్చేమో అనిపిస్తుంది.

కేఫులు ఖరీదైనవన్న మాట మాత్రం నిజం. లోపలి ఇళ్లు ఒక్కొక్కటిగా హోటళ్లయిపోతున్నాయి, అది దిగులు పుట్టించే విషయమే. అయినా కోటలో ఇంకా సంసారాలున్నాయి, బడులున్నాయి. మధ్యాహ్నం బడి వదిలాక తెల్ల యూనిఫారం పిల్లలతో వీధులు నిండిపోతాయి. గాలె అంతా కేఫులే అనడం ఆ పిల్లలనూ వాళ్ల ఇళ్లనూ లెక్కలోంచి తీసేయడం.

కారు సంగతి. కొలంబో ఫోర్ట్ స్టేషన్ నుంచి గాలెకు రైలుంది, దూరం దాదాపు 116 కిలోమీటర్లు, రెండున్నర గంటలు అటూ ఇటూగా పడుతుంది. రిజర్వేషన్ లేని రెండో, మూడో తరగతి టిక్కెట్టు కౌంటర్‌లో అప్పటికప్పుడు దొరుకుతుంది. కారు కిరాయి ముందు ఆ ధర లెక్కలోకి రాదు. ప్రయాణ దిశకు కుడివైపు కూర్చోండి, చాలాదూరం సముద్రం పట్టాల పక్కనే వస్తుంది. 2004 డిసెంబరు 26 సునామీలో రైలు కొట్టుకుపోయిన పెరలియ కూడా ఈ దారిలోదే, అక్కడ స్మారకం ఉంది. గాలె స్టేషన్ నుంచి కోటకు నడిచే వెళ్లొచ్చు. ఏసీ కారులో హైవే మీద వెళ్లినవాళ్లకు ఈ దారి కనిపించనే కనిపించదు.

తిండి విషయంలో సలహా ఒక్కటే: కోట గేటు దాటి బస్టాండు వైపు రండి. టీ కొట్లో కూర్చుంటే 'షార్ట్ ఈట్స్' అని రోల్సు, కట్లెట్లు, వడలు ఒక పళ్లెం నిండా తెచ్చి ముందు పెడతారు. మీరు తిన్నవాటికే లెక్క కడతారు, మిగిలినవి వెనక్కి వెళ్లిపోతాయి. తెలియక పళ్లెం మొత్తానికి బిల్లు వేస్తారని భయపడకండి. మధ్యాహ్నం అన్నం, కూరల పొట్లం దొరుకుతుంది, సాయంత్రమైతే ఆప్పాలు (గిన్నె ఆకారంలో ఉండే బియ్యప్పిండి అట్లు), కొత్తు రొట్టె (రొట్టెను ముక్కలుగా తరిగి పెనం మీద వేయించింది). శాకాహారులు ఒక మాట అడిగి తీసుకోవాలి, కొబ్బరి సంబల్‌లో, అంటే కొబ్బరి పచ్చడిలో, ఎండుచేప పొడి కలిపే అలవాటు ఉంది.

రిసార్టు అక్కర్లేదు. లైట్‌హౌస్ కిందే చిన్న బీచ్ ఉంది. మాతర ఊరికెళ్లే బస్సెక్కితే ఉనవటున బీచ్ కాసేపట్లో వస్తుంది. అఖాతానికి అవతలున్న రుమస్సల కొండ, హనుమంతుడు సంజీవని పర్వతాన్ని మోసుకెళ్తుంటే జారిపడ్డ ముక్క అని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆ కథ మన పిల్లలకు చెబుతూ ఎక్కొచ్చు.

చివరిది, వర్షాకాలం. నైరుతి రుతుపవనాల నెలల్లో అలలు పెద్దవి, ఈతకు దిగడం ప్రమాదం. ఆ ఒక్క మాట ఒప్పుకుంటాను. దానికి ఊరు మొత్తం దండగ ఎలా అవుతుంది? 2010 జులైలో ఇక్కడి క్రికెట్ స్టేడియంలోనే, ఇండియా మీద, శ్రీలంక స్పిన్నర్ మురళీధరన్ తన 800వ టెస్టు వికెట్ తీశాడు. అవుటైంది మన హైదరాబాద్ బౌలర్ ప్రజ్ఞాన్ ఓఝా. ఆ మ్యాచ్ రెండో రోజు ఆట వానకు పూర్తిగా పోయింది, అయినా ఐదో రోజుకల్లా ఫలితం తేలింది. స్టేడియం కోట గోడకు ఆనుకున్నట్టే ఉంటుంది, క్లాక్ టవర్ వైపు గోడ ఎక్కితే మైదానం మొత్తం కనిపిస్తుంది. మీరు వెళ్లే రోజుల్లో టెస్టు ఉంటే పొద్దున్నే వెళ్లి గోడ మీద చోటు చూసుకోండి. అక్కడ నీడ ఉండదు, గొడుగు తీసుకెళ్తే ఎండకీ వానకీ పనికొస్తుంది.